కరివేపాకు చెట్టు కోసం వచ్చినవాడు

“ఏయ్, చంపకు!”

గోడ అవతలి నుంచి కేక వినబడగానే యమున చేతిలోంచి పురుగున్న కరివేపాకు రెబ్బ జారిపోయింది. తిరిగి చూస్తే పక్కింటి అనుసూయాబాయి మనుమడు నాగనాథ్. హైదరాబాదులో కాలేజీ చదువుతున్నాడు. సెలవులకని నిన్ననే కుండల్‌వాడి వచ్చాడు.

“పురుగు కోసం మనిషి మీద గట్ల ఒర్లుతరా?”

“అది ఉత్త పురుగు కాదు.”

“మరేంది, మీ సుట్టమా?”

నాగనాథ్ నవ్వి, గోడ మీదుగా వంగి ఆ పచ్చటి పురుగును పుల్లతో తాకాడు. తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికొచ్చాయి. ఘాటైన వాసన. యమున కొంగుతో ముక్కు మూసుకుంది.

“భయపడ్డది. ఈ వాసనకు పిట్టలు దగ్గరికి రావు. కొన్ని దినాలాగు, తోక రెక్కల సీతాకోకచిలుకైతది.”

“అందాక మా పప్పుల ఏమెయ్యాలె?”

అంది కానీ, రెబ్బను తీసి మళ్లీ కొమ్మ మీద పెట్టింది.

తల్లి పోయినప్పటి నుంచి ఇల్లంతా యమున మీదే నడుస్తోంది. తండ్రి లింగన్న ఆమె పెళ్లి మాట వాయిదా వేస్తూ వచ్చాడు. ఇరవై దాటాక ఊరు గుసగుసలాడటం మొదలుపెట్టింది.

నాగనాథ్ రోజూ పొద్దున్నే గోడ దగ్గరికి వచ్చేవాడు. తొలకరి తుంపరలోనూ వచ్చేవాడు. పురుగు నడుముకు పట్టు దారం చుట్టుకుని కొమ్మకు ఆనుకుని గూడుగా మారడం ఇద్దరూ కలిసి చూశారు.

“వీటిల ఆడయి కొన్ని ఎర్ర మచ్చలతోని పుడ్తయి. అచ్చం ఇంకో జాతి లెక్క. ఆ జాతి విషం, పిట్టలు ముట్టయి.”

“అంటే పరాయిదాని చీర కట్టుకుని తిరుగుతది?”

“ఆ, ప్రాణం కాపాడుకోనీకె.”

“మంచి తెలివే!” అని యమున నవ్వింది. నాగనాథ్ ఆ పూట పురుగుల గురించి ఇంకేమీ చెప్పలేదు.

ఆ వారమే ఉమ్రి నుంచి కిషన్‌రావు తన కొడుక్కు యమునను చూడటానికి వచ్చాడు. చాయ్ తాగుతూ అడిగాడు.

“పక్కింటి పిల్లగాడు రోజు మీ గోడ కాడ నిలవడ్తడట గదా?”

లింగన్న ముఖం మాడిపోయింది. అప్పటికప్పుడు నాగనాథ్‌ను పిలిపించాడు.

“ఎవరి కోసమస్తున్నవ్? అందరి ముందట చెప్పు.”

నాగనాథ్ ఒక్కసారి తలుపు వైపు చూశాడు. తలుపు వెనక యమున ఉంది.

“కల్యామాకు చెట్టు మీది పురుగుల కోసం. ఇంకేం లేదు.”

అందరూ ఘొల్లున నవ్వారు. కిషన్‌రావుకు అనుమానం తీరింది, సంబంధం ఇష్టమేనని చెప్పి వెళ్లాడు.

యమున పరువు నిలిచింది. ఆమె సంతోషించవలసిందే. కానీ ‘ఇంకేం లేదు’ అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. మర్నాటి నుంచి పొద్దున పూట పెరట్లోకి వెళ్లలేదు. ఆఖరి గూడు పగిలి, నల్లటి రెక్కలు ఆరబెట్టుకుని సీతాకోకచిలుక ఎగిరిపోవడం వంటింటి కిటికీ లోంచి ఒక్కతే చూసింది.

మరుసటి రోజు పెద్ద వాన. ఆకు తెంపడానికి వెళ్తే గోడ దగ్గర నాగనాథ్ తడుస్తూ నిలబడి ఉన్నాడు.

“చెట్టు మీద ఇంకేం లేవు. ఆఖరుది నిన్ననే ఎగిరిపోయింది,” అంది యమున.

“తెలుసు. చూసిన.”

“మరెందుకచ్చినవ్?”

అతను తడిసిన గోడకు చెయ్యి ఆనించాడు. ముఖం మీద కారుతున్న నీళ్లు తుడుచుకోలేదు.

“మొన్న గట్ల అనకపోతే నీ పేరు ఖరాబయ్యేది,” అన్నాడు.

“నా పేరు సంగతి సరే. నిజమా, అబద్ధమా?”

“మొదట్ల నిజమే. తర్వాత చెట్టు దిక్కు చూసుడే తక్కువాయె.”

యమున గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లింది. లింగన్న తలకు రుమాలు చుట్టుకుంటున్నాడు.

“బాపూ, ఉమ్రి సంబంధం నాకద్దు.”

“ఎందుకు బిడ్డా?”

ఆమె పెరటి వైపు చూసింది. లింగన్న కూతురి తడిసిన ముఖం చూశాడు. పెరటి గుమ్మం దాకా నడిచి బయటికి చూశాడు.

“ఓ పిలగా! వానల నిలవడితె సర్దయితది, ఇంటికి పో.” తలకు చుట్టిన రుమాలు విప్పేశాడు. “పోయి మీ అమ్మమ్మను తోలియ్యి. మాట్లాడేదున్నదని చెప్పు.”

యమున పొయ్యి ముందు కూర్చుంది. ఎంత ఊదినా మంట అంటుకోవడం లేదు. ఊదబోయిన ప్రతిసారీ నవ్వు వచ్చేస్తోంది.