ప్రశాంతాంకం దాటిన గొంతు

ఉదయపు తెలుగు వార్తల్లో “జనక్షయం” అన్న మాటను “ఊళ్ళో మనుషులు తగ్గిపోవడం” అని మార్చి, నూకరత్నం ఆమోదం నొక్కింది. వార్తకు ఒక్క సవరణే అనుమతి. మిగతాదంతా వార్తాకంఠం అనే యంత్రం చూసుకుంటుంది. ఈశాన్య తీరంలో మరో బడి మూతపడింది. వృద్ధుల వాడల్లోకి చేయిపట్టి నడిపించే యంత్రాలు వచ్చాయి. విదేశీ కార్మికులు చెత్త సరిగ్గా వేరుచేయడం లేదని ఒక పట్టణ సభ బాధపడింది. అన్నీ ఇరవై భాషల గదుల నుంచి, ఒకే మెత్తని స్వరంతో వెలువడుతున్నాయి. తెర అంచున, శ్రోతలు ఎంత నెమ్మదిగా ఉన్నారో చూపే ప్రశాంతాంకం పచ్చగా వెలుగుతోంది.

పూడిమడక నుంచి ఆమె జపాన్ వచ్చి తొమ్మిదేళ్ళు. ఇక్కడ రైల్లో కూడా ఎవరూ గొంతెత్తరు. మొదట్లో ఆ నిశ్శబ్దం ఊపిరాడనిచ్చేది కాదు, తర్వాత నచ్చింది. ఇప్పుడు ఫోన్ చేస్తే ఈమె మెల్లని గొంతు విని చెల్లెలు ఒంట్లో బాగాలేదా అని అడుగుతోంది.

నేల పక్కకు ఊగింది. ఆగి, మళ్ళీ ఊగింది. బల్ల మీది టీ ఒలికింది. కుదుపు తగ్గేలోపే వార్తాకంఠం హెచ్చరిక తయారుచేసి వినిపించింది.

“కిసొహమ తీరవాసులు సమున్నత ప్రదేశాలకు తరలవలసిందిగా మనవి.”

చెత్తబండి వేళ చెప్పేదీ ఈ గొంతే. నెలనెలా ఉప్పెన వచ్చినట్టు ఉత్తుత్తి కసరత్తుకు పిలిచేదీ ఇదే. నూకరత్నం తెర మీది తీరపటం వైపు చూసింది. శ్రోతలు ఎక్కడున్నారో చూపే బిందువులు కొన్ని కొండవైపు కదులుతున్నాయి. ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులోని తెలుగు బిందువులు మాత్రం కదల్లేదు. అక్కడ ఆమెను అప్పా అని పిలిచే తమ్ముడి వరస లోవరాజు ఉన్నాడు, వాడు రప్పించిన తమ ఊరివాళ్ళున్నారు. ఇది కూడా కసరత్తే అనుకుని ఉంటారు.

ఆమె వార్తాకంఠాన్ని ఆపి మైకు తెరిచింది.

“నూకా-సాన్,” వెనక నుంచి ఒనొదెరా నెమ్మదిగా అన్నాడు. ఆయన విభాగాధిపతి. “మనిషి గొంతుతో జనం బెదురుతారు. నిబంధన తెలుసు కదా.”

“బెదరాలండి,” అంది. మైకు దగ్గరకు లాక్కుంది. “ఒరే లోవరాజూ! కసరత్తు కాదురా! సంద్రం పొంగతంది! కత్తులొగ్గేసి బేగి కొండెక్కండి! సామాన్లొద్దు, లెగండ్రా!”

ప్రశాంతాంకం ఎర్రబడింది. ఒక బిందువు కదిలింది. తర్వాత షెడ్డు షెడ్డంతా కదిలింది.

ఒనొదెరా పటం మీదికి వంగాడు. తీరం పొడవునా ఇళ్ళలో జపనీస్ బిందువులు ఇంకా చాలా ఉన్నాయి. ఒంటరి ముసలివాళ్ళు. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని, ఒకరి చేయి పట్టుకోవడం ఇష్టంలేక కూర్చున్నవాళ్ళు. ఆయన పుట్టింది ఆ పక్క రేవులోనే.

ఆయన కోటు విప్పాడు. అన్ని భాషల్లోనూ వార్తాకంఠాన్ని ఆపించి, మైకులు తెరిపించి, తాను జపనీస్ గదిలోకి వెళ్ళాడు. మరుక్షణం ఆ గదిలోంచి, రేవు యాసలో, ఒక పెద్ద అరుపు వినిపించింది. నేపాలీ గదిలో అమ్మాయి లేచి నిలబడి అరిచింది. వియత్నాం అతను బల్ల చరుస్తూ అరిచాడు. ఆ భవనం అంత చప్పుడు ఎన్నడూ విని ఉండదు.

తీరపు కెమెరాలో నల్లటి నీళ్ళు గట్టు దాటాయి. షెడ్డు కప్పు ఒకసారి పైకి తేలి కనబడకుండా పోయింది. అందరూ పటం మీది బిందువులు లెక్కపెడుతూ నిలబడ్డారు.

ఫోన్ మోగింది.

“అప్పా,” లోవరాజు రొప్పుతున్నాడు. “అందరం ఎక్కీసినాం. కొండ మీద కోవెల కాడున్నాం. ఆ మిసను గొంతు రోజూ ఇనీదే గదా, ఎవులూ పట్టించుకోనేదు. నీ కేక ఇన్నాక కాల్లు ఆగనేదు.”

“ఒక్కొక్కల్నీ సూసుకున్నావేట్రా?”

“సూసినానప్పా. అందరూ ఉన్నారు.”

నూకరత్నం కుర్చీలో కూలబడింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. నేపాలీ అమ్మాయి వచ్చి ఆమె భుజం పట్టుకుంది.

జపనీస్ గదిలోనూ ఫోన్ మోగింది. ఒక ముసలావిడ గొంతు స్పీకర్లో గట్టిగా వినిపించింది.

“ఇందాక నన్ను అంతలా కసిరిందెవరు?”

బొంగురుపోయిన గొంతుతో, ఎదురుగా ఆవిడే ఉన్నట్టు ఒనొదెరా లేచి వంగాడు. “నేనేనండి. క్షమించాలి.”

“క్షమించడమేమిటి? మోకాళ్ళు పట్టేస్తే పక్కింటి కుర్రాడి వీపెక్కి కొండ మీదికి వచ్చాను,” అంది ఆవిడ. “పదేళ్ళయింది నాయనా, నన్ను ఒకరు కేకలేసి.”