పనిచేయని ప్లాస్మిడ్

"కణాలు పెంచడం చేతకాకపోతే ముందే చెప్పాల్సిందండీ. నా మూడు వారాల పని బూడిదలో పోసిన పన్నీరైంది."

సోమవారం మీటింగులో, ల్యాబంతా వింటుండగా, అతను ఆ కొత్తమ్మాయిని అన్న మాటలివి. కణాలు పెంచేది ఆమె, వాటిలోకి డీఎన్‌ఏ ఎక్కించేది అతను. రెండు నెలలుగా ఇద్దరూ పక్కపక్క బల్లల దగ్గర ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ పనిచేశారు. ఈసారి కణాలు రెండు రోజులు పచ్చగా మెరిసి, తర్వాత ఒక్కటీ మిగలకుండా ఆరిపోయాయి.

ఆమె కిటికీ అద్దం మీద జారుతున్న వాన చినుకుల్ని చూస్తూ ఉండిపోయింది.

గురువారం మళ్ళీ మొదలుపెడదామని అతను ఫ్రీజర్‌లోంచి డబ్బా తీశాడు. అందులో రెండు ట్యూబులు. రెండింటిలోనూ ప్లాస్మిడ్లే, అంటే గుండ్రటి బుల్లి డీఎన్‌ఏలు. మెరుపునిచ్చే జన్యువును కణంలో శాశ్వతంగా అతికించేది ట్రాన్స్‌పోజేజ్ అనే ఎంజైము; అది లేకపోతే ఆ మెరుపు రెండు రోజులకే ఆరిపోతుంది. మొదటి ప్లాస్మిడ్‌లో ఆ ఎంజైము జన్యువు చక్కగా పనిచేస్తుంది. రెండోదానిలో అదే జన్యువును కావాలనే చెడగొట్టి, కంట్రోల్‌గా పోల్చి చూసుకోవడానికి ఉంచారు.

మొదటి ట్యూబు నిండుగా ఉంది. రెండోది అడుగంటింది.

మూతల మీద రాత అతనిదే. వాడిన చెయ్యీ అతనిదే. ఎవరూ చూడలేదు కదా, గుట్టుచప్పుడు కాకుండా మళ్ళీ చేసేస్తే సరి అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. సరిగ్గా అప్పుడే అటెండరు వచ్చి, కొత్తమ్మాయి తనను పక్క ల్యాబుకు మార్చమని ల్యాబు పెద్ద మేడంకి కాగితం పెట్టిందని చెప్పాడు.

అతను నేరుగా ఆమె కణాలు పెంచే కల్చర్ రూముకు వెళ్ళాడు. తల దించుకునే మొత్తం చెప్పాడు.

"మంగళవారమే చూశాను ఆ ట్యూబు," అంది ఆమె.

"మరి నాతో అనలేదేం?"

"మీ అంతట మీరే వచ్చి చెప్తారేమోనని. రాకపోతే ఇక్కడ ఉండి లాభం లేదనుకున్నా."

తర్వాతి సోమవారం మీటింగులో అతను లేచి నిలబడ్డాడు. తప్పు తనదేనని, ఆమెను అన్యాయంగా అన్నానని అందరి ముందూ చెప్పాడు. మేడం, "ప్రయోగం పోతే పోయింది, తొందరలో నువ్వు పెట్టకుండా వదిలేసిన కంట్రోల్ మాత్రం దివ్యంగా వచ్చింది," అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కూడా.

బయటికి వస్తూ ఆమె ఆ కాగితం వెనక్కి తీసుకున్నానంది.

"ఇంకో మాటుంది," అన్నాడు అతను. "మీరు వెళ్ళిపోతున్నారని విన్నప్పుడు ప్రయోగం సంగతే మర్చిపోయాను. మీరు లేకుండా ఆ బల్ల దగ్గర కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. మీరంటే నాకు ఇష్టం."

ఆమె నోట్‌బుక్‌ను గుండెలకు అదుముకుని, నేల చూపులు చూసింది.

"తప్పు చేసింది మీరు. సిగ్గేమో నాకు వేస్తోంది."