మత్రాలో మూగబోయిన పియానో

ఆదివారం పొద్దున ఒమాన్‌లోని మత్రా ఓడరేవు వైపు తెరుచుకునే ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి నవీన చాయ్ తాగుతోంది. పెళ్లయి రెండు నెలలు. డిటెక్టివ్ సర్వరీ బేగం దగ్గర సహాయకురాలిగా చేరి మూడు వారాలు. రెండూ ఆమెకింకా పండగలాగే ఉన్నాయి.

తలుపు తోసుకుని ఒకమ్మాయి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మేడం, నా పియానోను ఎవరో ఖరాబ్ చేసిండ్రు!"

ఆమె పేరు సంధ్య. సికింద్రాబాద్‌లో పియానో నేర్చుకుంది. పెళ్లయి వచ్చాక ఇక్కడ ఉమైమా అనే ఒమానీ ఆవిడ సంగీత పాఠశాలలో సాధన చేస్తోంది. ఆ సాయంత్రమే ఫ్రెంచి స్వరకర్త డెబ్యుసీ రచనలతో కచేరీ. బాగా వాయిస్తే అక్కడే టీచరు ఉద్యోగం. శుక్ర, శనివారాలు సెలవు. ఇవాళ తలుపు తీస్తే ఏసీ ఆగి ఉంది, సముద్రం వైపు కిటికీ బార్లా తెరిచి ఉంది. తేమకు ఉబ్బి, పియానో మెట్లు నొక్కితే మళ్లీ పైకి లేవడం లేదు.

సర్వరీ, నవీన ఆమె వెంట పాఠశాలకు వెళ్లేసరికి సంధ్య భర్త సురేందర్ ఏసీ కంపెనీ నీలం యూనిఫాంలో స్టూలు దిగుతున్నాడు.

"బ్రేకర్ పడ్డది మేడం, లేపిన. ఇగ ఏసీ నడుస్తది."

"ఈ ఏసీని ఎప్పుడు శుభ్రం చేయించారు?" సర్వరీ హిందీలో అడిగింది.

"రంజాన్ తర్వాత ఎవరూ ముట్టలేదు," అంది ఉమైమా.

సర్వరీ స్టూలెక్కింది. ఏసీ పైభాగాన వేలు పెడితే దుమ్ము అంటింది. ముందు మూత ఎత్తి, లోపలి జాలీని తడిమి, దిగింది.

"తాళంచెవులు ఎన్ని?"

ఉమైమా దగ్గర ఒకటి, సంధ్య దగ్గర ఒకటి. సంధ్యది గురువారం షైస్తా తీసుకుంది. కచేరీలో అవకాశం దక్కని తోటి విద్యార్థిని ఆమె.

"కుళ్లుకున్న మాట నిజమే ఆంటీ," కబురందుకుని వచ్చిన షైస్తా గొంతు పెంచింది. "గంట వాయించి, సాయంత్రమే సురేందర్ భాయ్ చేతిలో పెట్టేసిన. పియానో మీద నాకేం పగ?"

నవీనకు షైస్తా మీదే అనుమానం. సర్వరీ మాత్రం అందరినీ కూర్చోబెట్టింది.

"బ్రేకర్ దించి, కిటికీ తెరవడం ఎవరైనా చేస్తారబ్బా. కానీ నెలల తరబడి ముట్టని ఏసీ పైన దుమ్ముంది, లోపల జాలీ మల్లెపూవులా ఉంది. తప్పుడు పనికొచ్చి కూడా మాసిన జాలీ చూసి ఊరుకోలేక కడిగి పెట్టిపోయేది ఎవరు? రోజూ అదే డ్యూటీ చేసేవాడు. గురువారం తాళంచెవి ఎవరి చేతికొచ్చింది నాయనా?"

సురేందర్ తల దించుకున్నాడు.

"చెయ్యి ఆగలేదు మేడం. జాలీ అంత మట్టి ఉండె."

"ఎందుకు జేసినవ్?" సంధ్య అడిగింది.

"మరేం జెయ్యాలె? అన్నం కాడ ఆ డెబ్యుసీనే, ఫోన్ల ఆయన గడ్డం ఫోటోనే. పారిస్ నుమాయిష్‌ల జావా దేశపు గంటల పాట విన్నడట, సముద్రమంటే పానమట. నేను సముద్రం పక్కనే పొద్దంత చెమటల తడుస్త. ఒక్కనాడన్న అడిగినవా?"

"ఆయన సచ్చి వందేండ్లు దాటిందయ్యా!"

"సచ్చినోడితోని ఎట్ల కొట్లాడాలె?"

నవ్వు రాబోయి, సంధ్య కళ్లు నిండాయి. "సాయంత్రం నా పక్కన కూసొని స్వరాల కాయితాలు తిప్పు. నేను తల ఊపినప్పుడల్లా. వేరే దిక్కు చూసినవో, చూడు మళ్ల!"

రోజంతా ఏసీ నడిచినా సాయంత్రానికి రెండు మెట్లు లేవలేదు. వాటి వంతు వచ్చినప్పుడల్లా చిన్న నిశ్శబ్దం. సురేందర్ మెడ ఇంకాస్త వంగేది. కానీ భార్య ముఖం మీంచి చూపు తిప్పలేదు. సంధ్య ఆ ఖాళీలను అలల మధ్య విరామాల్లా దాటేసింది.

చివర్లో ఉమైమా లేచి తాళంచెవిని ఒక గొలుసుకు తగిలించి, సంధ్య మెడలోనే వేసింది. "రేపు ఎనిమిదింటికి రా, టీచర్."

బయటికొస్తూ నవీన భర్తకు మెసేజ్ పెట్టింది: "నువ్వు ఎవరి మీదైనా కుళ్లుకుంటావా?"

జవాబు వెంటనే వచ్చింది: "మీ సర్వరీ మేడం మీద."