హారన్ మీద హెచ్

ముంబై హైవే మీద గూఢచారి శ్రావణ్‌కుమార్ బైకును లారీ గుద్దింది. గుద్దిన లారీ ఆగలేదు. చనిపోయే ముందు ఆ ఏజెంట్ ఆఫీసుకు ఫోన్‌లో చెప్పింది ఒక్కటే మాట: "బండిలో పార్టులన్నీ అసలువే... ఒక్కటి తప్ప."

మర్నాడు మధ్యాహ్నం అతని సహోద్యోగి తనుశ్రీ, పాత కార్లకు విలువ కట్టే ఇన్సూరెన్స్ వాల్యూయర్ వేషంలో, హైవే పక్కన లక్డారం ఊరు దాటి ఒక రేకుల షెడ్డు ముందు దిగింది. చెవిలో బఠాణీ గింజంత ఇయర్‌పీస్. అందులో చీఫ్ రాజేశ్వర్ గొంతు.

"క్షిపణికి దారి చూపే సెన్సార్ అది. పిడికెడంతే ఉంటుంది. ఆ పాత కారులో ఏదో ఒక పార్టు లోపల దాచారు. కారు పోర్టుకు చేరిందా, ఇక మన చెయ్యి దాటినట్టే."

"బండినే ఆపేస్తే అయిపోదా సార్?"

"ఆపితే ముఠా మాయమవుతుంది. సెన్సార్ దొరకాలి, దొంగా దొరకాలి. పని కాగానే 'ఆయిల్ మార్చాలి' అను. మనవాళ్లు వచ్చేస్తారు."

షెడ్డులో 1958 మోడల్ ఇంగ్లిష్ కారు నల్లగా నిగనిగలాడుతోంది. పక్కనే వరుణ్. సంగారెడ్డి నగల వ్యాపారి కొడుకు. తెల్లని లినెన్ చొక్కా, దగ్గరికొస్తే అత్తరు. విదేశీ ముఠాలో తిరుగుతూ అక్కడి కబుర్లు డిపార్ట్‌మెంటుకు చేరవేసేది ఇతనే.

"డైనమో చూడండి మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "మార్చిన పార్టు గదే. విప్పుకొని పోండి. బండిని మాత్రం పోనియ్యండి. లేకుంటే వాళ్లకు నా మీద అనుమానమొస్తది."

బయట కంటెయినర్ లారీ ఇంజిన్ గురగురలాడుతూనే ఉంది. డ్రైవర్ మల్లయ్య తొంగిచూశాడు. "మేడం, జెర జల్దీ కానియ్యిండ్రి. నాకు పోర్టుల టైమిచ్చిన్రు."

అతన్ని సముదాయించడానికి వరుణ్ బయటికి నడిచాడు. తనుశ్రీ బానెట్ ఎత్తింది.

గూఢచారి కాకముందు ఆమె దొంగబండ్ల మీద చెరిపేసిన నంబర్లు చదివే ల్యాబులో పనిచేసింది. కారు తయారైంది జూన్‌లో. ఇంజిన్ బ్లాకు మీద పోతపోసిన తేదీ ఏప్రిల్. సరిపోయింది. డైనమో మీద మే. అదీ సరిపోయింది. అక్షరాల సందుల్లో ఏళ్లనాటి జిడ్డు గడ్డకట్టుకుపోయింది. బోల్టుల మీద పెయింట్ చెక్కుచెదరలేదు.

ఇది ఎవరూ విప్పని డైనమో. మరి వరుణ్ ఎందుకు అబద్ధమాడాడు?

శ్రావణ్ ఏ దారిన వస్తాడో తెలిసిన బయటి మనిషి వరుణ్ ఒక్కడే.

చూపు ఒక్కచోట నిలవలేదు. అద్దాలు, కార్బురేటర్, రేడియేటర్... దాని ముందు జంట హారన్లు. ఎడమదాని మీద హెచ్. కుడిదాని మీద కూడా హెచ్.

ఆ కాలపు జంట హారన్లలో ఒకటి కీచుగా మోగుతుంది, దాని మీద హెచ్. రెండోది బొంగురుగా మోగుతుంది, దాని మీద ఎల్. రెండు హెచ్‌లతో ఏ బండీ ఫ్యాక్టరీ గేటు దాటదు. పైగా రెండు హెచ్‌లకూ కుడికాలు ఒకేచోట విరిగి ఉంది. అంటే ఒకదాని నుంచి అచ్చు తీసి రెండోది పోతపోశారు.

గబగబా రెండూ విప్పింది. కుడిదాని మీది అక్షరం అంచులకు గోరు తట్టుకుంది. ఎడమదాని మీద గోరు అరిగిన సబ్బు మీదలా జారింది. నకలు పోతలో అంచులు మొద్దుబారతాయి; దొంగ సరుకు ఎడమదే. దాన్ని, సంగతి తెలిసినవాడు వెతకని కుడివైపు బిగించేసింది. అసలుది ఎడమవైపు బిగించబోతుండగా వెనక అత్తరు వాసన.

"నేను డైనమో అని చెప్పిన కద?" వరుణ్ చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. "శ్రావణ్ కూడా గిట్లనే అవసరం లేనివి చూసిండు."

"నువ్వే సంపించినవా?"

"లారీ గుద్దింది మేడం. నేను ఒక ఫోన్ కొట్టిన, గంతే. ఎడమ హారన్ ఇటియ్యి."

ఆమె చేతిలోది ఇచ్చింది. "ఈ బండికి ఆయిల్ మార్చాలి," అంది స్పష్టంగా.

అతని వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

"అయిందా మేడం?" అంటూ మల్లయ్య లోపలికొచ్చాడు. వరుణ్ చూపు ఒక్క క్షణం అటు తిరిగింది. తనుశ్రీ విసిరిన స్పానర్ అతని మణికట్టును విరగ్గొట్టినంత పనిచేసింది. పిస్టల్ కారు కిందికి జారిపోయింది. వరుణ్ హారన్‌ను గుండెకు హత్తుకుని పరుగెత్తి తన కారెక్కాడు.

"సెన్సార్ పోయిందా?" ఇయర్‌పీస్‌లో చీఫ్ అడిగాడు.

"లేదు సార్. బండిలనే ఉంది. వాడు పట్టుకపోయింది అసలు హారన్." చెబుతూనే ఆమె కారును ఆనుకుని కిందికి జారి కూర్చుంది. శ్రావణ్ కోసం అప్పుడు ఏడ్చింది.

కాసేపటికి చీఫ్ మళ్లీ పలికాడు. "ఇస్నాపూర్ చౌరస్తాలో దొరికాడు. హారన్ ఒళ్లోనే ఉంది. అంత స్పీడు కారు, ఎందుకు తప్పించుకోలేకపోయాడో!"

తనుశ్రీ కళ్లు తుడుచుకుంది.

"ఫ్యాక్టరీల షిఫ్టు వదిలే టైము సార్. అక్కడ ఎన్ని హారన్లున్నా దారి దొరకది."