రేంజర్ బంగ్లా దగ్గర రెండు పిలుపులు

ఇల్లందు దాటి అడవిలోకి పది కిలోమీటర్లు పోతే, రోడ్డు మలుపులో రేంజర్ బంగ్లా అని ఒకటుంది. పేరుకే బంగ్లా. తలుపులు, కిటికీలు ఎవరో ఎప్పుడో పీక్కుపోయారు. మిగిలింది పెంకుల కప్పు, ముందు వరండా, ఇంత చెడ్డపేరు.

చీకటి పడ్డాక ఆ వరండాలోంచి ఒక ఆడగొంతు పిలుస్తుందట — పోయేవాళ్లను పేరు పెట్టి మరీ. రెండుసార్లే పిలుస్తుందట. మూడోసారి పిలవడం దెయ్యం వల్ల కాదని ఆ చుట్టుపక్కల నమ్మకం. అందుకే రాత్రిపూట ఎవరు పిలిచినా మూడో పిలుపు వినేదాకా పలకరు. తొందరపడి ఆగినవాళ్లెవరూ తిరిగి రాలేదని చెబుతారు. తిరిగి రానివాళ్లు మరి ఈ సంగతి ఎవరితో చెప్పారని అడిగితే మాత్రం కోపాలొస్తాయి.

ఇది ట్రాలీ ఆటో నడిపే దేవ్‌సింగ్ చెప్పగా తెలిసిన సంగతి. రెండువేల ఎనిమిది, వానాకాలం. ఆ రాత్రి అతని ఆటోలో ఉన్నది ఇప్పలగూడెం పగిడయ్య.

పగిడయ్య ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు — గనిలోకి దిగేవాళ్ల తలదీపాలకు చార్జింగు పెట్టి ఇచ్చే పని. రిటైరై, బంగ్లాకు నాలుగు కిలోమీటర్ల అవతల సొంతూళ్లో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఇక హాయిగా నిద్రపోదామనుకున్నాడు పాపం. అప్పుడే భార్య వెంకమ్మకు ఊపిరి ఆడకపోవడం మొదలైంది. ఇన్నేళ్ల బొగ్గుపొయ్యి పొగ ఊరికే పోతుందా... డాక్టరు ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమన్నాడు. మాస్కు తగిలించుకుంటే మిషన్ గాలి అందిస్తుంది, కరెంటు ఉన్నంతసేపు. ఇప్పలగూడెంలో 'కరెంటు ఉన్నంతసేపు' అనే మాటకు పెద్ద అర్థమేమీ లేదు.

కరెంటు పోతే పెట్టడానికి ఒక చిన్న సిలిండరు ఉండేది. ఫ్యాను ఆగిందంటే పగిడయ్య లేచేవాడు, మాస్కు సిలిండరుకు మార్చేవాడు, కరెంటు వచ్చేదాకా మంచం పట్టె మీద కూర్చునేవాడు. ఏడాదిగా అతను కంటినిండా నిద్రపోయింది లేదు.

ఖమ్మంలో ఒక పాత ఇనుము సేటు, మిలిటరీ వాళ్లు పనికిరావని కండెం చేసి వేలం వేసిన జనరేటర్లు అమ్ముతున్నాడని తెలిసింది. పచ్చరంగు, ఒంటినిండా తెల్ల నంబర్లు, మొండి ఇనుము. కానీ అందులో ఒక తిరకాసు ఉంది. వాటిలో కొన్ని, వైర్‌లెస్ సెట్ల బ్యాటరీలు చార్జి చేయడానికే తప్ప ఇంటికి పనికిరావు. ముందు కొన్నవాళ్లు కొందరు అలాంటివి తెచ్చుకుని, వాటి మీద బట్టలు ఆరేసుకుంటున్నారు.

పగిడయ్య అంత అమాయకుడు కాదు. వెంకమ్మను చూస్తుండమని పక్కింటివాళ్లకు అప్పగించి, ఇంట్లో టేబుల్ ఫ్యాను విప్పి, పంచెలో మూటగట్టి, బస్సులో ఖమ్మం మోసుకెళ్లాడు. సేటు పడీపడీ నవ్వాడు. మొదటి జనరేటరుకు ఫ్యాను కదల్లేదు. రెండోదానికి పిచ్చెక్కినట్టు మూలిగింది. మూడోదానికి — అచ్చం ఇంట్లో తిరిగినట్టే తిరిగింది. ఆ ఫ్యాను ముందు పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఈ రాత్రి నుంచి నిద్రపోవచ్చు అనుకున్నాడు.

బయలుదేరేసరికే మధ్యాహ్నం దాటింది. దారిలో గాలివాన, ఒక టైరు పంచరు. ఇల్లందు శివారులో బండ్లన్నీ ఆపి పోలీసుల నాకాబందీ. మిలిటరీ రంగు జనరేటరు, అదీ రాత్రిపూట, అడవిలోకి... ఏ నక్సలైట్లకని అడిగారు. పగిడయ్య రసీదు చూపించి భార్య జబ్బు సంగతి చెప్పాడు. మళ్లీ చెప్పాడు. ఐదోసారి చెబుతుంటే అతనికే అది అబద్ధంలా వినిపించింది. వదిలేసరికి తొమ్మిది దాటింది.

ఇల్లందులోనే కరెంటు లేదు. ఇక ఊళ్లో సంగతి చెప్పనక్కర్లేదు. ఫోను చేద్దామంటే అక్కడ సిగ్నలూ లేదు. సిలిండరు పదింటిదాకా వస్తుందని లెక్కేసుకున్నాడు. జల్దీ పోనియ్యమని దేవ్‌సింగ్‌కు చెప్పి, జనరేటరు జరగకుండా పట్టుకుని ట్రాలీలో వెనక కూర్చున్నాడు.

బంగ్లా మలుపులో రోడ్డు కోసుకుపోయింది. ఆటో నెమ్మదించి గుంతలోకి దిగింది. జనరేటరు ఒక పక్కకు ఒరిగింది. తాడు ఊడిందేమోనని పగిడయ్య టార్చి వేశాడు. ఆ వెలుతురు అతని మొహం మీద పడింది.

అప్పుడు...

"పగిడయ్యా..."

సన్నటి గొంతు. ఆడగొంతు. వరండాలోంచి.

పగిడయ్య చేయి తాడు మీదే ఆగిపోయింది. అతన్ని పేరు పెట్టి పిలిచే ఆడమనిషి ఈ లోకంలో లేదు. పిలిచే తల్లి ఎప్పుడో పోయింది. అక్కలు లేరు. వెంకమ్మ ఈ ముప్పై ఏళ్లలో ఒక్కసారీ మొగుడి పేరు పలికి ఎరగదు — రేషన్ కార్డు ఆఫీసులో అడిగినా పక్కవాళ్లతో చెప్పించేది. ఇంట్లో 'ఇగో' అంటే అతను, అంతే.

దేవ్‌సింగ్ కూడా విన్నాడు. వెనక్కి తిరక్కుండానే గుసగుసలాడాడు. "అన్నా... పలక్కు."

"పగి... డయ్యా..."

ఈసారి ఇంకా సన్నగా, గాలిలో కలిసిపోతున్నట్టు వచ్చింది. పగిడయ్య టార్చి ఆర్పేశాడు. ఊపిరి బిగబట్టి మూడోదాని కోసం చూశాడు. వాన చప్పుడు... పెంకుల మీంచి కారుతున్న నీళ్లు...

మూడో పిలుపు రాలేదు.

దేవ్‌సింగ్ గుంతలోంచి ఒక్క ఊపున బండి లాగాడు. ఊరు వచ్చేదాకా ఎక్కడా ఆపలేదు.

ఇప్పలగూడెం చీకట్లో ఉంది. పగిడయ్య ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మిషన్ ఉంది, ఖాళీ సిలిండరు ఉంది, మంచం మీద మనిషి లేదు. పక్కింటి కళావతి లాంతరు పట్టుకుని వచ్చింది. సిలిండరులో సగమే ఉందట, ఎనిమిదింటికే అయిపోయిందట. వెంకమ్మ గిలగిల్లాడుతుంటే కళావతి మొగుడు గోపాలు ఆమెను తువ్వాలతో తన నడుముకు కట్టుకుని, మోపెడ్ మీద ఇల్లందు దవాఖానాకు తీసుకుపోయాడట.

"దారిల ఎదురు పడలేదా అన్నా?" అంది కళావతి.

పడలేదు. ఆ దారిలో ఒక్క మోపెడూ ఎదురు రాలేదు.

దేవ్‌సింగ్ పగిడయ్య మొహంలోకి చూశాడు. పగిడయ్య లోపలికి పోయి ఆక్సిజన్ మిషన్ రెండు చేతులా ఎత్తుకొచ్చి ట్రాలీలో పెట్టాడు. ఏ దెయ్యానికీ అంత భయపడలేదతను.

బండి వెనక్కి తిప్పి బంగ్లా చేరేసరికి, వరండాలో గోడకు ఆనుకుని వెంకమ్మ ఉంది. పక్కన నీళ్లు దూరి ఆగిపోయిన మోపెడ్. గోపాలు ఆమెను వాన తడవని చోట కూర్చోబెట్టి, అడ్డదారిన తండాకు ట్రాక్టరు కోసం పరిగెత్తాడు. టార్చి వేసి చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి. ఛాతీ కదులుతోందో లేదో తెలియలేదు.

జనరేటరు హ్యాండిలు తిప్పాడు. దగ్గి ఆగింది. మళ్లీ తిప్పాడు. తిట్టుకుంటూ, ఏడుస్తూ తిప్పాడు. చివరికి ఇంజను అందుకుంది. జనరేటరుకున్న బల్బు వెలిగింది, మిషన్ బుస్సుమంది, దేవ్‌సింగ్ మాస్కు తెచ్చి ఆమె మొహానికి పెట్టాడు.

ఎంతసేపో... పెదాల నీలం మెల్లగా తగ్గింది. కళ్లు తెరిచింది.

అప్పుడే ఇల్లందు వైపు పోయే లారీ ఒకటి వచ్చింది. దవాఖానాకు జల్దీ చేర్చొచ్చని పగిడయ్య రోడ్డు మీదికి ఉరికి చేతులూపాడు, గొంతు చించుకుని పిలిచాడు. లారీవాడికి కనిపించింది ఏంటి — ఏనాడూ దీపం లేని బంగ్లాలో వెలుతురు, బుసలు, మొహానికి గొట్టం పెట్టుకున్న ఆడది! లారీ ఆగలేదు సరికదా, మలుపు దాటేదాకా హారన్ మోగుతూనే ఉంది.

పగిడయ్య వాణ్ని తిట్టలేదు. ఏ మొహం పెట్టుకుని తిడతాడు? వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు. ఇక లేచే ఓపిక లేదు.

"నువ్వని తెల్వలే," అన్నాడు. "మూడోసారి పిలుస్తవేమోనని చూసిన."

వెంకమ్మ మాస్కు కొంచెం కిందికి లాగింది.

"మూడోదానికి ఊపిరి చాలలే." ఆగి, గాలి పీల్చుకుంది. "'ఇగో' అందామనుకున్న. గింత అడవిల ఇగో అంటే... ఎవలకని ఆగుతవు? అందుకే పేరు పెట్టిన."