కుడి కంటి సాక్ష్యం

...అయినా కన్నీటి గ్రంథికి ఏం తెలుసు పాపం. కంటికి పైన, బయటి మూలన, బాదంగింజంత ఉంటుంది. నరం కబురు పంపితే నీళ్ళు వదులుతుంది. ఆ కబురు దుఃఖం పంపిందా, ఉల్లిపాయ పంపిందా అని ఎదురడగదు. ఆ ఆరాలన్నీ మనుషులవే.

ఆమె బోర్డు తుడిచి, డస్టర్ బల్ల మీద పెట్టి, మళ్ళీ తుడిచింది. నర్సింగ్ స్కూల్లో మొదటి సంవత్సరం వాళ్ళకి శరీర నిర్మాణం చెప్పడం ఆమె పని. ఇవాళ వైద్య పదాలను విడగొట్టి చూపింది. ‘హెమి’ అంటే సగం, ‘ఐటిస్’ అంటే వాపు, ‘లాక్రిమా’ అంటే కన్నీరు. వెనక బెంచీ అమ్మాయి ఒకతి, ఒక్క కంటితోనే ఏడిస్తే దానికేం పేరు మేడం అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆమె మాత్రం బోర్డు వైపు తిరిగి, బాగానే ఉన్న ఒక అక్షరాన్ని చెరిపి మళ్ళీ రాసింది.

ఆ పిల్ల ఊరికే అడిగింది. ఊరికే అడిగినవే తిన్నగా వచ్చి తగులుతాయి.

బయట వాన పడుతోంది. బొమ్మలాయన వచ్చే వేళయింది. స్కూలుకి కావలసిన గుండెలు, ఎముకలు, మూత్రపిండాలు ప్లాస్టర్‌తో పోసి రంగులు వేసే మనిషి అతను. ఇవాళ ఆఖరి బొమ్మ తెస్తాడు. రేపు వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరుతున్నాడట. అటెండర్ చెప్పాడు. అతనైతే ఆమెతో ఏమీ చెప్పలేదు. కాంటీన్‌లో ఆ సాయంత్రం తర్వాత అతను ఆమెతో మాట్లాడటమే మానేశాడు.

మొదటిరోజు మాత్రం ఇద్దరూ మాటలు ఆపలేదు. అతను తెచ్చిన మొండెం బొమ్మలో కాలేయం ఎడమ పక్కన ఉంది. కుడి పక్కకి మార్చమంది ఆమె. కుడిపక్కే పెట్టానన్నాడు అతను, తన కుడిచెయ్యి చాపి చూపిస్తూ.

“మీ కుడి ఎవరికి కావాలండీ? బొమ్మది చూడండి. మంచం మీద మనిషి ఉన్నప్పుడు మన చేతులు మనం మర్చిపోవాలి. ఎడమ అన్నా కుడి అన్నా వాళ్ళదే.”

“అంటే ఎదుటి మనిషి లోపల నిలబడి చూడాలన్నమాట,” అన్నాడు అతను.

అతను అలా అంటాడని ఆమె అనుకోలేదు. ఆ తర్వాత అదే అతనికి వేళాకోళమైంది. ఎడమ పక్క కుర్చీ లాగండి అంటే, “ఎవరి ఎడమ మేడం?” అనేవాడు. ఆమె చిరాకు నటించేది. ఆ నటన ఎవరూ నమ్మరని ఆమెకి తెలుసు. అతనికైతే ఇంకా బాగా తెలుసు.

అతను గమనించిన ఇంకో సంగతి, ఆమె ఎవరి ముందూ తినదు. మధ్యాహ్నం టిఫిన్ బాక్సుతో బొమ్మల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. గాలి భోంచేస్తున్నారా అని ఏడిపించేవాడు. ఆమె నవ్వి మాట మార్చేది.

చెప్పడానికి పెద్ద రహస్యమేమీ కాదు. అతను పరిచయం కావడానికి చాలా ముందు ఒక ఉదయం లేచేసరికి ఆమె ముఖంలో కుడిసగం చచ్చుబడి ఉంది. చెవి దగ్గర ఎముకలోని ఇరుకు దారిలో ముఖనరం వాచిందన్నారు డాక్టర్లు. నెలల మీద తగ్గింది. నవ్వు తిరిగొచ్చింది, కన్ను మూసుకోవడం తిరిగొచ్చింది. కానీ మళ్ళీ పెరిగేటప్పుడు కొన్ని నరపోగులు దారి తప్పాయి. నోట్లో నీరూరించాల్సినవి పోయి కన్నీటి గ్రంథిని పట్టుకున్నాయి. అప్పట్నుంచీ ఏది తిన్నా కుడికన్ను కారుతుంది.

నాన్న పోయినప్పుడు ఆమెకి ఏడుపు రాలేదు. ఇంటినిండా చుట్టాలు. పొడికళ్ళతో కూర్చున్న కూతుర్ని అందరూ వింతగా చూశారు. సాయంత్రం అక్క పక్కన కూర్చుని బతిమాలి నాలుగు ముద్దలు నోట్లో పెట్టింది. కుడికన్ను ధారగా కారింది. “ఇప్పటికి కరిగింది పిచ్చితల్లి,” అని పెద్దమ్మ గుండెలకి హత్తుకుంది. అందరూ స్థిమితపడ్డారు.

ఆ రోజు నుంచీ ఆమెకి తన కన్నీటి మీద నమ్మకం పోయింది. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. ఒంటరిగా తింటున్నప్పుడు కన్ను ముందు ఏడ్చేది, మనసు వెనకాలే వెళ్ళి ఏదో ఒక కారణం వెతుక్కొచ్చేది. ఎప్పుడూ ఏదో ఒకటి దొరికేది. నాన్న కళ్ళజోడు, ఖాళీ కుర్చీ, ఏదీ లేకపోతే వాన.

కాంటీన్ రేకుల కింద కూడా ఇలాంటి వానే. ఇద్దరూ అక్కడ ఇరుక్కుపోయారు. అతను టీ, బిస్కెట్లు తెచ్చాడు. కప్పులోకే చూస్తూ అడిగాడు.

“మా అమ్మకి మీ గురించి చెప్పాను. మీ అక్కగారితో వచ్చి మాట్లాడమంటారా?”

సంతోషంతో ఆమెకి ఒళ్ళు తెలియలేదు. ఏం చెయ్యాలో తోచక, చేతిలో ఉన్న బిస్కెట్ కొరికేసింది. ఎన్నేళ్ళ జాగ్రత్తనో ఆ ఒక్క క్షణంలో మర్చిపోయింది. నీటిచుక్క బుగ్గ మీదికి జారాక గాని గుర్తురాలేదు.

అతను చూశాడు. అతని ముఖం పాలిపోయింది. బలవంతమేమీ లేదండీ, నేను అడగలేదనుకోండి అన్నాడు. నోట్లో బిస్కెట్‌తో ఆమె చెయ్యెత్తేలోగా వానలోకి దిగి వెళ్ళిపోయాడు. అప్పుడు ఎడమకన్ను కూడా కారింది. దాన్ని ఎవరూ చూడలేదు.

మర్నాడు చెప్పొచ్చు. ఆ మర్నాడు చెప్పొచ్చు. చెబితే ఏమవుతుంది? ఇకమీదట పక్కన కూర్చుని తిన్న ప్రతిసారీ అతను ఆమె కంటినే చూస్తాడు. నిజంగా ఏడ్చిననాడు, తిన్నావా అని అడుగుతాడు. ఆ ఊహకే భయపడి ఊరుకుంది. ఊరుకోవడం కూడా ఒక జవాబేనని, అతను రేపు వెళ్ళిపోతున్నాడన్న మాట విన్నాక ఆమెకి అర్థమైంది.

తలుపు చప్పుడైంది. అతను తడిసిన సంచిలోంచి బొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు. మనిషి ముఖం. ఎడమసగం చర్మంతో ఉంది. కుడిసగం తెరిచి కండరాలు చూపించాడు. చెవి కింద నుంచి పసుపురంగు నరాలు వేళ్ళలా విచ్చుకున్నాయి.

“కుడి ఎడమలు సరిగ్గానే ఉన్నాయి, చూసుకోండి,” అన్నాడు, ఆమెని చూడకుండా. “ఇక వెళ్తానండీ.”

“ఒక తప్పుంది,” అందామె.

అతను ఆగాడు. ఆమె చెవి దగ్గరి పసుపు తీగ మీద వేలు పెట్టింది. నోటి వైపు వెళ్ళాల్సిన పోగుల దారి చూపించి, సగంలో ఆపి, వేలిని పైకి, కంటి మూలకి జరిపింది. కొందరిలో ఇలా వెళ్తుందని చెప్పింది. జబ్బు గురించి చెప్పింది, నాన్న గురించి చెప్పింది. బొమ్మతోనే చెబుతున్నట్టు చెప్పింది.

“ఆ రోజు నేను వద్దనలేదు,” అంది చివరికి. “నోట్లో బిస్కెట్ ఉంది, అంతే.”

అతను సంచి కింద పెట్టాడు. బొమ్మనీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

“మరి నేనెలా తెలుసుకోవాలి?” అన్నాడు మెల్లగా. “మీరు నిజంగా ఏడుస్తున్నదీ లేనిదీ?”

“కుడి కంటిని నమ్మకండి. ఎడమది చూడండి.”

“ఎవరి ఎడమ?”

ఆ మాట వేళాకోళంగా రాలేదు.

ఆమె స్టూలు అతని ఎదురుగా లాక్కుని కూర్చుంది. కిటికీ వెలుతురు నేరుగా ముఖం మీద పడుతోంది. పక్కకి తిరగలేదు. టిఫిన్ బాక్సు మూత తీసి, ఒక ముద్ద కలిపి, అతను చూస్తుండగా నోట్లో పెట్టుకుంది.