ఎవరి కుండ ఎవరు తీశారు

“ఆగవయ్యా! అది మా కుండ!”

ఆవిరిలోంచి దూసుకొచ్చిన ఇదలీనాను చూసి ఆ కుర్రాడు కొక్కెం పట్టుకునే నిలబడిపోయాడు. ఆ ఆదివారం ఫుర్నాస్ చెరువు గట్టున, అగ్నిపర్వతపు సెగకు ఉడకాలని తెల్లవారుజామున వేడి నేలలో పాతిన కూర కుండలు మధ్యాహ్నం పైకి తీసే వేళ అది. ఒక్కో గుంత మీద ఒక్కో ఇంటి పేరు రాసిన చెక్క.

“మీ చెక్క పడిపోయిందండీ. నాకెలా తెలుస్తుంది?”

“కళ్ళకు ఆవిరి పట్టిందా?”

“పట్టింది. ఇప్పుడే తేటపడ్డాయి,” అన్నాడు ఆమెనే చూస్తూ.

రొప్పుతూ వచ్చిన తల్లి జుల్మీరాకు గుండె జారింది. ఇద్దరూ గుంత అంచునే ఉన్నారు. నేల కుంగితే? ఆవిరి కొడితే? అంతకన్నా ఘోరం, పిల్ల నవ్వుతోంది!

“మూత తీశావా, నాయనా?”

“ఒక్క సాసేజి ముక్కే, పిన్నిగారూ. అమృతం! మా కుండలో ఎప్పుడూ చేపలే. మాకు పడవ ఉంది.”

జుల్మీరా ముఖం మాడిపోయింది. తమ్ముణ్ణి సముద్రం మింగిన నాటినుంచి ఆవిడది ఒకటే పంతం: పడవ ఎక్కేవాడికి పిల్లనివ్వదు.

పై ఆదివారం కూడా ఆ కుర్రాడు, ఫిర్మీనో, ఇదలీనా వాళ్ళ కుండే తీశాడు. ఈసారి చెక్క నిటారుగానే ఉంది. తిన్నాక ఇద్దరూ గ్యాసు బుడగలు పొంగే పుల్లనీళ్ళ ఊట దగ్గరికి పోతే, “జారుతుంది! ఎక్కువ తాగకండి, కడుపుబ్బుతుంది!” అని జుల్మీరా వెనకనుంచి కేకలేస్తూనే ఉంది.

ఆ రాత్రే కూతురితో తెగేసి చెప్పింది. “వాడొద్దు. రోజూ కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తావు.”

“ఏడిస్తే వాడి కోసమే ఏడుస్తానమ్మా,” అంది ఇదలీనా.

మూడో ఆదివారం గాలివాన. కుండ పైకి వచ్చింది, ఫిర్మీనో రాలేదు. ఇదలీనా క్యాబేజీ ఆకు కెలుకుతోంది. జుల్మీరా పళ్ళెం పక్కన పెట్టింది. దారికేసి చూసి, మేఘం చూసి, మళ్ళీ దారి చూసింది.

“ఇవాళ పడవలు వెళ్ళాయంటావా?”

“నీకెందుకమ్మా?”

“నోర్మూసుకో. ఫోన్ చెయ్యి.”

“చేశాను. ఎత్తడం లేదు.”

జుల్మీరా శిలువ గుర్తు వేసుకుంటుండగా, నిలువెల్లా తడిసి, బురద బూట్లతో వచ్చాడతను.

“పడవలు కట్టేశామండీ. దారిలో కొండరాళ్ళు పడ్డాయని బస్సు ఆపేస్తే నడిచొచ్చాను. ఫోను నీళ్ళలో తడిసి చచ్చింది.”

“రాళ్ళు పడే దారిలో నడిచొచ్చావా? బుద్ధుందా? జ్వరమొస్తే?” జుల్మీరా తన శాలువా లాగి అతని తల పరపరా తుడిచింది.

శాలువా కిందనుంచే అతనన్నాడు, “పిన్నిగారూ, ఇదలీనా అంటే నాకు...”

“తెలుసులే. ఇది చెప్పు. వేటనుంచి ఒడ్డెక్కగానే ముందు ఎవరికి ఫోన్ చేస్తావు?”

“ఇదలీనాకే!”

“కాదు. ముందు నాకు. తర్వాతే నీ పెళ్ళానికి.”